పటేల్ అరుగు మీద దొరికిన వార్త

మేడ్చల్‌లో విలేకరిగా పనిచేసిన తొలి రోజుల్లో సగం వార్తలు నాకు కూర్చున్నచోటే దొరికేవి. పొద్దున బస్టాండు ఎదుటి హోటల్లో చాయ్, అక్కణ్ణుంచి మండల ఆఫీసు, పోలీస్ స్టేషన్, ఆ తర్వాత ఎవరో ఒక పెద్దమనిషి ఇంటి అరుగు. మధ్యాహ్నానికి రాసిన కాగితాలు కవరులో పెట్టి పట్నం పోయే బస్సు కండక్టరు చేతికిస్తే సాయంత్రానికి ఆఫీసుకు చేరేవి. తొందరైతే ఎస్టీడీ బూత్ నుంచి ఫోను. తొంభైల్లో మండల విలేకరి పని ఇదే.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే. "సార్, మంచి సోర్సులు ఎట్ల సంపాదించాలె?" నాకు మంచి సోర్సులే ఉండేవి. నా ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద తప్పు వాటివల్లే చేశాను. దాన్ని దిద్దుకోవడం నేర్పింది మాత్రం ఆ సోర్సులు కావు.

అరుగు

గౌడవెల్లి దాటాక ఇరవై ఎకరాల ద్రాక్షతోట ఉండేది. ఆసామి పేరు గోపాల్‌రెడ్డి. ఊరంతా పటేల్ అనేవారు. ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతిన చోట అప్పట్లో కనుచూపు మేర ద్రాక్ష పందిళ్లే. పటేల్ మంచివాడు. ఈ మాట మొదటే రాస్తున్నాను, ఎందుకంటే చదివేవాళ్లు ఆయన్ను దుర్మార్గుడిగా ఊహించుకుంటే ఈ కథ నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు. ఊరవతల దళితవాడలో కాన్పు కష్టమైతే బండి కట్టించేవాడు. బడికి రెండు గదులు వేయించాడు. నేను వెళ్తే కుర్చీ వేయించి, ఇంట్లోవాళ్లకు ఇచ్చే గ్లాసులోనే నాకూ చాయ్ ఇప్పించేవాడు.

ఆ గ్లాసు నాకు చిన్న విషయం కాదు. మా నాయిన మేడ్చల్ బజారులో దర్జీ. పటేళ్ల ఇళ్లకు వెళ్లి నిలబడి కొలతలు తీసుకునేవాడు. వాడవాళ్లు వస్తే టేపు తీసేవాడే కాదు, కంటితో చూసి కుట్టేసేవాడు. "వాళ్లకు గట్లనే సరిపోతది" అనేవాడు. పైవాళ్ల ముందు వంగిన మనిషి కిందివాళ్లను కంటితో కొలవడం నాకు చాలా ఏళ్ల దాకా వింతగా తోచలేదు. నేనూ ఆ ఇంటి పిల్లవాణ్ణే.

అరుగు మీద మాటలు రోజూ ఒకే తీరుగా ఉండేవి. కూలోళ్లకు పెయ్యి వంగుతలేదు, ఒళ్లు బరువైంది. సర్కారు బియ్యమిచ్చి సోమర్లను జేసింది. పొద్దంతా పని, పొద్దూకితే కల్లు. "కూలీల కొరత" మీద నేను మూడుసార్లు రాశాను. ఒక్కసారి కూడా కూలీని అడగలేదు. దొరకని మనిషిని ఎక్కడ వెతికి అడుగుతామని అనుకున్నానేమో.

ఒక సోమవారం

కాయలు పట్టి గుత్తులు బిగుస్తున్న చలికాలం. ఆ దశలో గుత్తిలో కిక్కిరిసిన కాయలను చిన్న కత్తెరతో పలచన చేయాలి. ఆడవాళ్లు పందిరి కింద నిలబడి, ముఖం పైకెత్తి, చేతులు ఎత్తి పొద్దంతా చేసే పని అది. పన్నెండు మంది గుంపుకు మేస్త్రి బాలమణి. అప్పటికి ఆమెకు నలభై ఉంటాయి. నేను ఆమెను అంతవరకు చూడలేదు.

ఆ సోమవారం పొద్దున ఈ ఏడు దిగుబడి ఎలా ఉంటుందో రాద్దామని పటేల్ అరుగు మీద కూర్చున్నాను. ఆయన మనుమరాలు తోటవైపు పరుగెత్తబోతే పటేల్ కేకేశాడు.

"అటు పోకు బిడ్డా! పొద్దుగాల్నే పురుగుల మందు కొట్టిండ్రు. మూడు దినాలు తోట మొఖం చూడొద్దు."

నేను విన్నాను. నా నోట్‌బుక్ ఒడిలోనే ఉంది. ఆ మాట అందులోకి ఎక్కలేదు.

పది గంటల వేళ తోట చూసుకునే మనిషి ఉరుక్కుంటూ వచ్చాడు. "పటేలా, ఆడోళ్లు పడిపోయిండ్రు. కక్కుతుండ్రు. కండ్లు కనిపిస్తలేవంటుండ్రు."

పటేల్ ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. ట్రాక్టరు తీయించి అందరినీ సర్కారు దవాఖానకు పంపాడు. తిరిగి వచ్చి కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఏమైంది పటేలా?" అన్నాను.

"ఏముంటది? నిన్న ఐతారం. సత్తయ్యగౌడ్ దుకాణంల దాగింది దిగలే. కల్లుల ఏం గలుపుతుండో ఏమో."

"పొద్దున మందు కొట్టారు కదా" అని నేను అనలేదు. ఆయనకూ తోచలేదు. ఆయన అబద్ధం చెప్పాడని నేను ఈనాటికీ అనుకోను. నమ్మిందే చెప్పాడు. నేనూ నమ్మాను. కల్తీ కల్లు వార్తలు ఆ రోజుల్లో వారానికొకటి వచ్చేవి. వాడ ఆడవాళ్లు, సోమవారం, వాంతులు: వార్త దానంతటదే కుదిరిపోయింది. బస్సు వేళ అవుతోందని దవాఖానకు పోకుండా బూత్ నుంచి ఫోన్ చేసి పేర్లు రాసుకున్నాను. పన్నెండు పేర్లు, ఇంటిపేర్లతో సహా. వయసులు. ఊరు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. మర్నాడు జిల్లా పేజీలో ఎడమవైపు పైన వచ్చింది: "కల్తీ కల్లు తాగి పన్నెండు మంది కూలీలకు అస్వస్థత".

హోటల్లో తోటి విలేకరులు భుజం తట్టారు.

బాలమణి వచ్చింది

నాలుగో రోజు అదే హోటల్‌కు ఇద్దరు వచ్చారు. ముందు ఒక సన్నటి ఆడమనిషి, కళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. వెనక సత్తయ్యగౌడ్. ఆయన్ను నేను ఎరుగుదును. ఆబ్కారీ వాళ్లు నా వార్త కత్తిరించి చేతిలో పట్టుకుని వచ్చి ఆయన కల్లు దుకాణానికి తాళం వేశారని అప్పటికే విన్నాను.

ఆమె కొంగులో నుంచి మడత పెట్టిన పేపరు తీసి బల్ల మీద పరిచింది.

"గిది నువ్వే రాసినవా అన్నా?"

"అవునమ్మా."

"నా పేరు యాడున్నది?"

చూపించాను. ఆమెకు చదువు రాదు. వేలు ఆ పేరు మీద పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"నేను కల్లు దాగుతనని నీకెవరు జెప్పిండ్రు?"

నాకన్నా ముందు సత్తయ్యగౌడ్ అందుకున్నాడు. "సాబ్, గీమె నా దుకాణం గడప తొక్కిందే లేదు. మా అవ్వ సచ్చినప్పుడు దినాలకు బిలిస్తే గూడ గ్లాసు ముట్టలే. తాగుతనంటె నాకు కష్టమా? గిరాకి గదా!"

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నవ్వుకోన్రి. దేవరయాంజాల్ తోట ఆసామి కాయ తెంపుటానికి నా గుంపునే ఖాయం జేసిండు. నిన్న మనిషిని తోలిండు. తాగేటోళ్లు మా తోటకు వద్దు అన్నడట. తెంపుడు పోతె ఏడాది పోయినట్టే. పన్నెండు ఇండ్లన్నా. మేం పడిపోయినందుకు గాదు, నువ్వు రాసినందుకు పోతున్నది."

నాకు ముఖం చెల్లలేదు. "సవరణ వేయిస్తానమ్మా" అన్నాను.

"అంటే ఏంది?"

"తప్పు పడ్డదని రెండు లైన్లు రాస్తారు. కింద."

ఆమె కుడిచేయి చాచి బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా నా వార్తను కొలిచింది. "జానెడు రాసినవ్. జానెడు తిట్టి గోరంత దిద్దుతవా? నీకేమన్న పరేషాన్ ఉంటె జెప్పు, మేమే పట్నం బోయి మీ పెద్దసారును అడుగుతం."

ఆ మాటలో బెదిరింపు లేదు. బస్సు నంబరు అడిగినట్టు అన్నది. ముప్పై ఏళ్లలో మంత్రులు, అధికారులు నా వార్త మీద చాలా అరిచారు. తన పేరుకు ఎంత చోటు రావాలో ఇంత స్పష్టంగా చెప్పినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె వెంట తోట గట్టు దాకా వెళ్లాను. పందిరి కింద మందు డ్రమ్ము ఇంకా అక్కడే ఉంది. ఆకుల మీద తెల్లటి మరకలు. "మొఖం మీదికెత్తి కోస్తం గదా. ఆకు మీద తడి సక్కగ కండ్లల్ల బడ్డది" అని తల వెనక్కి వాల్చి చూపించింది. పటేల్ ఆ పొద్దున మనుమరాలికి వేసిన కేక సంగతి ఆమెకు చెప్పాను.

"పటేల్‌కు చెప్పలేదా?"

"మేస్త్రిని గదా, పొద్దుగాల్నే జెప్పిన. వాసన వస్తాంది, ఇయ్యాల వద్దు అన్న. మీకు అలవాటేనాయె అన్నడు తోట మనిషి. పటేల్ చెడ్డోడు గాదన్నా. మా ఆడిబిడ్డ కాన్పప్పుడు ఆయన బండిలనే దవాఖానకు బోయింది. కానీ ఆయన మనుమరాలికి వచ్చే వాసన మాకు రాదనుకుంటడు."

దవాఖానలో డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. కేసు షీటు నా ముందు పెట్టింది. మొదటి రోజు నుంచీ అందులో పురుగుల మందు అనే ఉంది. కంటిపాపలు ఆవగింజలంత కుంచించుకుపోయాయని రాసి ఉంది.

"ఫోన్ చేసింది మీరేనా? మీరు పేర్లు అడిగారు, ఇచ్చాం. ఏమైందని మీరు అడగలేదు."

మూర్తిగారు

మా డెస్క్ ఇన్‌ఛార్జి మూర్తిగారిది గోదావరి వైపు. ముక్కుసూటి మనిషి. ఆయనంటే అందరికీ భయం. నేను కొత్త కథనం రాసుకుని, కండక్టరు చేతికివ్వకుండా స్వయంగా పట్నం తీసుకెళ్లాను. జరిగింది దాచకుండా చెప్పాను.

"ఆ పన్నెండు మందిలో ఒక్కరినైనా చూశావా?"

"లేదండి."

"పటేల్ గారే పడిపోయి ఉంటే?"

"ఇంటికి వెళ్లేవాణ్ణి."

ఆయన తిట్టలేదు. కథనం తీసుకుని ఎర్ర పెన్నుతో చదవసాగారు. నేను బాగా రాశాననే అనుకున్నాను. "అమాయక మహిళలు", "నోరులేని అభాగ్యులు", "కడు పేదలు" అని రాశాను. ఒక్కో మాటనూ కొట్టేశారు.

"నోరులేనివాళ్లా? నీ దగ్గరికి వచ్చి జానెడు కొలిచి అడిగిన మనిషికి నోరు లేదా? మొన్న తాగుబోతుల్ని చేశావు, ఇవాళ పసిపిల్లల్ని చేస్తున్నావు. మధ్యలో మనుషులుంటారయ్యా."

కొంచెం ముందుకెళ్లి మళ్లీ ఆగారు. "తోట ఆసామి పేరేదీ?"

"ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు కదండీ..."

"ఆడవాళ్ల పేర్లు పన్నెండూ రాశావు మొన్న. వాళ్లు అందరికీ తెలియదనా?"

జాలి చూపించడం, చిన్నచూపు చూడటం రెండూ ఒకే అరుగు మీద కూర్చుని చేయొచ్చని నాకు ఆ బల్ల ముందు అర్థమైంది. పేదవాడి పేరు అలవోకగా రాసేస్తాం. ఉన్నవాడి పేరు దగ్గర "ఓ ఆసామి" అంటాం. రాసే చేతికి తెలియకుండానే ఇది జరుగుతుంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలు నా మాట ఒక్కటి గుర్తుపెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి.

ప్రకటనల విభాగం నుంచి ఒకాయన వచ్చి, పటేల్‌లాంటివాళ్లతో పత్రికకు ఉండే అవసరాలు గుర్తుచేశాడు. మూర్తిగారు తల ఎత్తకుండా విన్నారు. మర్నాడు అదే పేజీ, ఎడమవైపు పైన, అంతే చోటులో వార్త వచ్చింది. మొదటి వాక్యమే మేము మంగళవారం రాసింది తప్పు అని. ఆ వాక్యం ఆయనే రాశారు. పెద్ద పత్రికలు తమ తప్పును అంత చోటిచ్చి ఒప్పుకోవడం నా ఉద్యోగంలో మళ్లీ రెండుసార్లే చూశాను.

అరుగు మూసుకుంది

సత్తయ్యగౌడ్ దుకాణం తాళం తీశారు. పటేల్ ఇంటి ముందు నుంచి వెళ్తుంటే ఆయనే పిలిచాడు.

"నా అరుగు మీద చాయ్ దాగి నా మీదనే రాసినవ్ గదనయ్యా."

"ముందు రాసింది కూడా మీ అరుగు మీద విన్నదే పటేలా. అప్పుడు నేనే అడగాల్సింది."

"వాళ్ల పెయ్యి మన పెయ్యి లెక్క గాదయ్యా, రాయి. మా తాత కాలం నుంచి చేస్తుండ్రు, ఎవలన్న పడ్డరా?"

"తాత కాలంలో ఈ మందు లేదు కదా."

ఆ రోజు ఆయన కుర్చీ వేయించలేదు. ఆ తర్వాత నేను వార్తల కోసం వాడలు తిరగడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ధర్మబుద్ధితో కాదు, కూర్చోవడానికి ఇంకో చోటు లేక.

దేవరయాంజాల్ ఆసామి మళ్లీ కబురు పంపాడు, తెంపుడుకు రమ్మని. బాలమణి వెంటనే ఒప్పుకుంటుందని అనుకున్నాను. పన్నెండు ఇళ్ల ఏడాది తిండి. కానీ ఆమె వచ్చిన మనిషితో ఒక మాట చెప్పి పంపింది: మందు కొట్టినంక మీ ఇంట్ల పిల్లలు ఎన్ని దినాలు తోటకు పోరో, మేమూ అన్ని దినాలు పోం.

గుంపులో ఆడవాళ్లే ఆమెను తిట్టారు. "చేతికొచ్చింది జారగొడుతవా అక్కా? నీకు పేపర్ల పేరొచ్చిందని మస్తు ఎక్కింది" అని ఒకామె నా ముందే అన్నది.

"పోతె మీ ఒక్కలదే పోతదా? నాదీ పోతది" అని బాలమణి జొన్నరొట్టె తడుతూనే ఉంది. రెండు రోజులు కబురు లేదు. మూడో రోజు ఆసామి సరేనన్నాడు. కాయ పండితే ఆగదని ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు. పక్కనున్న అత్వెల్లి గుంపులు కూడా అదే షరతు పెట్టాయి.

వాడలో మంచం

పటేల్ తోటలో కాయ ఆలస్యంగా రంగు తిరిగింది. ఆ షరతుకు ఆయన ఒప్పుకోకపోవడంతో అప్పటికి ఏ గుంపూ ఆయన తోట గట్టు తొక్కడం లేదు. పట్నం నుంచి తెచ్చిన కూలీలు కత్తెర పట్టడం రాక గుత్తులు నలిపేశారు.

ఒక సాయంత్రం నేను బాలమణి ఇంటి ముందు కూర్చుని రేషను దుకాణం సంగతి రాసుకుంటున్నాను. సందులోకి పటేల్ నడిచి వచ్చాడు, ఒంటరిగా. వాడలోకి ఆయన ఎన్నికలప్పుడు కూడా జీపు దిగి రాలేదు. పిల్లలు ఆట ఆపారు.

బాలమణి లోపలికి వెళ్లి నులకమంచం తెచ్చి వాల్చింది. మీద ఒక ఉతికిన దుప్పటి పరిచింది.

"కూసోన్రి పటేలా."

ఆయన కొంచెం తటపటాయించి కూర్చున్నాడు. ఆమె నీళ్లు తెచ్చింది. చెంబు అందుకుని తాగాడు. వాడ మొత్తం ఆ చెంబు వంకే చూస్తోందని ఆయనకు తెలుసు.

"బాలమణీ, కాయ రాలుతాంది."

"చూసినం పటేలా. బాధనే అనిపించింది. మేం పలచన జేసిన గుత్తులే గదా."

"నువ్వు జెప్పినట్టే. మూడు దినాలు."

"పొద్దుగాల వస్తం."

అంతే. క్షమాపణలు లేవు, ఉపన్యాసాలు లేవు. ఆయన లేచి వెళ్తూ ఒక్కసారి ఆగి, "పెయ్యి ఎట్లున్నది ఇప్పుడు?" అన్నాడు. "మంచిగున్నది" అంది ఆమె. నాకు తెలిసినంతలో ఆమె ఒంటి గురించి ఆయన అడగడం అదే మొదటిసారి.

నా చేయి అప్పటికే నోట్‌బుక్ మీద ఉంది. ఏ విలేకరికైనా ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది? పటేల్ మలుపు తిరగగానే బాలమణి నావైపు తిరిగింది.

"అన్నా, గిది రాయకు."

"ఎందుకమ్మా? ఇది నీ గెలుపు కదా."

"పేపర్ల ఎక్కితే మల్ల రాడు. ఇగ ఎవ్వలూ రారు. వచ్చిండు గదా, సాలు."

నేను రాయలేదు.

రెండు వేల సంవత్సరం తర్వాత

తోటలు ఒక్కొక్కటే పోయాయి. పందిళ్లు పీకి ప్లాట్లు వేశారు. శామీర్‌పేట వైపు విల్లాలు లేచాయి. బాలమణి గుంపు వాటిలో లాన్లు పరిచే పనికి వెళ్లింది. అక్కడి ఇళ్ల యజమానుల సంఘం మీటింగుకు ఒకసారి వార్త కోసం వెళ్లాను. ఎండలో నిలబడే వాచ్‌మన్లకు గేటు దగ్గర నీడ వేయాలా అని చర్చ. మంచి చదువులు చదివిన ఒకాయన అన్నాడు: "దే ఆర్ యూజ్డ్ టు ఇట్ అండీ, వాళ్లకు అలవాటే." భాష మారింది, అరుగు ఏసీ గదైంది. మాట మాత్రం తోట మనిషి అన్నదే. చదువు ఆ మాటను తుడిచేస్తుందని నేను అనుకునేవాణ్ణి. మనం ఎవరి పక్కన కూర్చుంటామో వాళ్ల కళ్లతోనే చూస్తామని ఇప్పుడు అనుకుంటున్నాను. బయటికొచ్చి ముందు వాచ్‌మన్లను అడిగి, ఆ తర్వాతే ఆ వార్త రాశాను.

బాలమణి గుంపు అక్కడ కూడా మందు కొట్టిన గడ్డి మీద మూడు రోజులు అడుగు పెట్టేది కాదు. ఆ షరతు ఎక్కడ మొదలైందో విల్లాలవాళ్లకు తెలియదు.

పటేల్ కాలం చేసి కొన్నేళ్లయింది. ఇది రాసే ముందు బాలమణికి ఫోన్ చేశాను. ఇప్పుడు ఆమెకు మోకాళ్ల నొప్పులు, గొంతు మాత్రం అదే. పటేల్ వాడకు వచ్చిన సంగతి ఇప్పుడు రాయొచ్చా అని అడిగాను.

"రాయి. కానీ పటేల్ నిలవడి అడిగి పోయిండని రాయకు. నేను మంచం వాల్చిన. ఆయన కూసున్నడు, నీళ్లు దాగిండు. గది రాయి."

రాశానమ్మా. ఆయన కూర్చున్నాడు, నీళ్లు తాగాడు. ఇది నాకు ఎవరూ చెప్పింది కాదు, నేను అక్కడ ఉండి చూసింది.